కల్పిత సరస్సు ఒడ్డున బతికే చిన్న జాతికి చరిత్ర ఎలా కూర్చాలి?

ప్రశ్న (బరంపురం నుంచి):
మిత్రులకు నమస్కారం. నేను రాస్తున్న నవలలో లోకమంతా కల్పితమే. అందులో నీలమడువు అనే సరస్సు ఒడ్డున మడువరులు అనే చిన్న జాతి ఏడు పల్లెల్లో చేపల వేట మీద బతుకుతోంది. సరస్సుకు ఒకవైపు ఇసుకదిబ్బ, దాని ఆవల సముద్రం. మరోవైపు కొండలు, వాటి వెనుక ఒక పెద్ద రాజ్యం. వీరికి మూడు వందల ఏళ్ళ చరిత్ర రాశాను: తొలి నాయకుడు, అతని వంశం, కొండరాజుతో మూడు యుద్ధాలు, ఓటమి, కప్పం. అయితే ఈ చరిత్ర ఏ మైదానపు జాతికైనా సరిపోతుంది, సరస్సును తీసివేసినా కథ చెదరదు. ఆ నీటి మీది ప్రేమతోనే నవల మొదలుపెట్టాను కనుక ఈ లోటు నన్ను బాధిస్తోంది. సరస్సే నడిపే చరిత్ర ఎలా ఉంటుందో చెప్పగలరా?

జవాబు (ఛత్రపురం నుంచి):
ఇసుకదిబ్బ ఉందన్నారు కానీ, సముద్రపు నీరు లోపలికి వచ్చే ముఖద్వారం ఎక్కడుందో చెప్పలేదు. నా దృష్టిలో మీ చరిత్ర అక్కడే మొదలవాలి.

మనకు చేరువలో, ఒడిశా తీరాన ఉన్న చిలికా సరస్సును చూడండి. ఉత్తరాన దయా, భార్గవి వంటి నదులు మంచినీటినీ ఒండ్రునూ తెస్తాయి, ముఖద్వారం గుండా ఉప్పునీరు వస్తుంది; వానాకాలంలో చప్పబడే సరస్సు వేసవికి ఉప్పెక్కుతుంది. సముద్రంలో పుట్టి సరస్సులో పెరిగే రొయ్యకూ పండుగప్పకూ ఆ ద్వారమే దారి. అది ఇసుకతో పూడితే పిల్ల లోపలికి రాదు, కలుపు అలముకుంటుంది, వేట పడిపోతుంది. 1981లో రామ్‌సర్ జాబితాకు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాకు ఎక్కిన చిలికాను 1993లో, ప్రమాదంలో ఉన్న చిత్తడినేలల పట్టికలో చేర్చవలసి వచ్చింది. 2000 సెప్టెంబరులో దిబ్బను తవ్వి కొత్త ముఖద్వారం తెరిచాక, ఏడాదికి సుమారు 1,750 టన్నులకు దిగజారిన వేట రెండేళ్ళలోనే 12,000 టన్నుల దరిదాపులకు చేరింది. 2002లో ఆ పట్టిక నుంచి చిలికా పేరు తొలగించారు.

మీ మూడు వందల ఏళ్ళలో ముఖద్వారం ఒకటి రెండు సార్లు పూడి, వేరొక చోట తెరుచుకోనివ్వండి. పూడినప్పుడు నదుల వైపు పల్లెలు సేద్యానికి మళ్ళుతాయి, దిబ్బ వైపు పల్లెలు సముద్రవేటకు పోతాయి, ఇరువురి మధ్య సంబంధాలు పలచబడతాయి. కొండరాజుకు అప్పుడు సైన్యంతో పనేముంది? కరవు ఏట గింజలు అప్పిస్తే చాలు. పైగా ఆయన కొండల్లో అడవి నరికిస్తే, ఆ మట్టి వానలకు కొట్టుకొచ్చి చేరేది మీ సరస్సులోకే.

జవాబు (పర్లాకిమిడి నుంచి):
పై మాటలకు నీటి మీది హక్కును కూడా చేర్చండి. చిలికాలో వేట హక్కులు ఒకప్పుడు ఖల్లికోట, పారికుద్ వంటి సంస్థానాల చేతుల్లో ఉండేవి. జమీందారీలు రద్దయ్యాక కౌలు పద్ధతిలో మత్స్యకారుల సహకార సంఘాలకు దక్కాయి. రొయ్యలకు ఎగుమతి ధర పలికాక బయటివారు గట్లు కట్టి నీటిని ఆక్రమించడంతో తగువులు ముదిరాయి, 1996లో సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ సరస్సులకు 1,000 మీటర్ల లోపు రొయ్యల సాగు పరిశ్రమ ఉండరాదని తీర్పునిచ్చింది. ఇక పాలకుల సరిహద్దుల సంగతి. చిలికా దక్షిణపు కొస ఉన్న గంజాం జిల్లా 1936 మార్చి వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోనిది కనుక, ఒకే సరస్సు దక్షిణపు కొస ఒక పాలన కిందా మిగిలినది మరొక పాలన కిందా ఉండేవి. నీలమడువు మీద కూడా అలాంటి గీత ఒకటి పడితే, ఏ పల్లె ఎవరికి పన్ను కట్టాలన్న ప్రశ్నే ఒక అధ్యాయమవుతుంది.

జవాబు (రంభ నుంచి):
ఇవన్నీ దస్తావేజుల్లో దొరికే చరిత్ర. మడువరులు తమ గురించి తాము చెప్పుకునే చరిత్ర వేరుగా ఉండాలి. మా దగ్గర చిలికాలో పడవవాళ్ళు మొక్కుకునేది కాళీజాయికి. అత్తవారింటికి పడవలో వెళ్తూ గాలివానలో మునిగిపోయిన పెళ్ళికూతురు దేవతయిందని కథ. మకర సంక్రాంతికి, ఆమె గుడి ఉన్న దీవిలో పెద్ద జాతర జరుగుతుంది. మీ జాతి కూడా రాజుల పేర్లకన్నా నీరు తీసుకుపోయిన మనుషుల పేర్లనే గుర్తుంచుకుంటుందని నా నమ్మకం.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. యుద్ధాల్లో రెండింటిని తీసివేస్తున్నాను. మూడోది కొండరాజుతో కాక ఏడు పల్లెల మధ్యనే, పూడిన ముఖద్వారాన్ని ఏ చోట తిరిగి తవ్వాలన్న దాని మీద జరుగుతుంది. దిబ్బకు ఉత్తరాన తవ్వితే సేద్యానికి మళ్ళిన పల్లెల పొలాల్లోకి ఉప్పు ఎక్కుతుంది, దక్షిణాన తవ్వితే దేవత దీవి ముందున్న ఇసుక కొట్టుకుపోతుంది. కొండరాజు ఆ తగువు తీర్చే పెద్దమనిషిగా మాత్రమే సరస్సు దగ్గరకు వస్తాడు, కప్పం ఆ తీర్పుకు రుసుముగా మొదలవుతుంది.