హౌస్ సర్జన్సీ తర్వాత ఫ్యామిలీ మెడిసిన్‌లో మూడేళ్లు: అవసరమా, వృథానా?

తూర్పుగాలి:
ఎంబీబీఎస్ అయిన పిల్లలకు డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్ (ఏ జబ్బుతో, ఏ వయసువాళ్లు వచ్చినా మొదట చూసే డాక్టరుగా తీర్చిదిద్దే మూడేళ్ల పీజీ) తీసుకోమని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. నా అభ్యంతరం చెబుతాను. మూడేళ్లూ మెడిసిన్, పిల్లల వార్డు, గైనిక్, సర్జరీ అని తిప్పుతారు, పైగా థీసిస్. ఎంబీబీఎస్ చివర హౌస్ సర్జన్‌గా ఏడాదంతా తిరిగిందీ ఆ వార్డులే కదా. పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్ పోస్టుకు ఎంబీబీఎస్ చాలు. 2023లో ఆంధ్రలో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో 104 బండితో ఊళ్లకు వెళ్లిందీ ఆ మెడికల్ ఆఫీసర్లే. అదే మూడేళ్లు జనరల్ మెడిసిన్‌కు పెడితే నయం కాదా?

బెజవాడ ఓపీ:
వార్డుకు చేరిన రోగిని అప్పటికే ఎవరో ఒకరు చూసి, ఇది ఫలానా జబ్బని తేల్చి పంపి ఉంటారు. ఆ తేల్చే పని ఎవరు నేర్పుతారు?

డెంగీనే తీసుకోండి. రెండో రోజు జ్వరంతో వచ్చినవాడికి ప్లేట్‌లెట్లు బాగానే ఉండొచ్చు. రిపోర్టు చూసి పంపేస్తే పని అయిపోదు. అసలు గండం జ్వరం దిగే వేళ, మామూలుగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య. ఇంట్లోవాళ్లు తేలికపడే సమయానికే ప్లాస్మా రక్తనాళాల్లోంచి బయటికి కారి పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతూ ఉండొచ్చు. కాబట్టి పంపేముందే చెప్పాలి: కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు, మూత్రం తగ్గిపోవడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా తీసుకురండి. జ్వరానికి పారాసిటమాలే, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. రేపు మళ్లీ బీపీ, పీసీవీ చూడాలి. అంతా చెప్పాక వాళ్ల నోటితోనే తిరిగి చెప్పించుకోవాలి. ఈ చివరి పని వార్డులో అలవడదు, అక్కడ రోగి కళ్లముందే ఉంటాడు గనక.

మన్యం స్టెత్:
పిల్లల దగ్గు కూడా అంతే. నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి, బిడ్డ ఏడవని సమయంలో. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, అంతకు చేరితే వేగంగా ఉన్నట్టు. వేగం లేదు, డొక్కలు ఎగరడం లేదు, పాలు తాగుతున్నాడు అంటే చాలా మందికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. లెక్కపెట్టే ఓపిక లేకనే సిరప్ రాస్తున్నారు.

కృష్ణాతీరం:
తూర్పుగాలి గారి మాటలో సగం నిజముంది. కొన్నిచోట్ల ఈ సీటంటే వార్డు నైట్ డ్యూటీలకు మనిషి దొరకడమే. చేరేముందు మూడు సంగతులు అడగండి: వారానికి ఎన్ని ఓపీలు, అదే రోగిని మళ్లీ మనమే చూస్తామా, ఓపీ అయ్యాక కేసులు కూర్చుని మాట్లాడే సీనియర్ ఉన్నారా. ప్లాబ్ (అక్కడ డాక్టరుగా పనిచేయడానికి విదేశీ డాక్టర్లు రాసే పరీక్ష) రాసి బ్రిటన్ వెళ్లిన మనవాళ్లకు ఇది తెలిసిన పద్ధతే. అక్కడి జీపీ (ఫ్యామిలీ డాక్టరు) శిక్షణ మూడేళ్లలో ఎక్కువ భాగం క్లినిక్‌లోనే. మొదట్లో రోగికి అరగంట దాకా ఇస్తారు, చెయ్యి తిరిగేకొద్దీ తగ్గిస్తారు.

తూర్పుగాలి:
శిక్షణ బాగుంటే ఒప్పుకుంటాను. కానీ దానికి తగ్గ పోస్టు లేకుండా పిల్లల్ని దింపడం అన్యాయం కాదా?

బెజవాడ ఓపీ:
పోస్టుల విషయంలో గట్టిగా అడగాల్సిందే, మీతో ఏకీభవిస్తాను. రోగి మాత్రం ఆగడు కదా. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బిళ్ల వేసుకునే పెద్దాయనకు మోకాళ్ల నొప్పికి ఊళ్లో రోజూ డైక్లోఫెనాక్ సూది పడుతుంటే, మూడూ కలిసి కిడ్నీ మీద దెబ్బ కొడతాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట ఇది మరీ ప్రమాదం. ఎముకల డాక్టరు మోకాలు చూస్తారు, గుండె డాక్టరు బీపీ చూస్తారు. సంచిలోని మందులన్నీ బల్ల మీద పోయించి, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష రాసేవాళ్లు ఒకరుండాలి. మూడేళ్లు ఎక్కువనుకునేవాళ్లకు డీఎన్‌బీ నడిపే జాతీయ పరీక్షల బోర్డు ఎన్‌బీఈఎంఎస్ వారి రెండేళ్ల ఫ్యామిలీ మెడిసిన్ డిప్లొమా కూడా ఉంది, అది చూడమనండి.