ఊరి పంచాయతీ లెక్క అడిగి జవాబు తెచ్చుకున్నోళ్ళు ఎవరన్నా ఉన్నరా?

మానేరు_వాసి
మాది కరీంనగర్ దిక్కు చిన్న ఊరు. 2025 డిసెంబర్ల కొత్త సర్పంచ్ గెలిచిండు, అంతకుముందు దాదాపు రెండేండ్లు ఎలక్షన్లు లేక సర్కార్ పెట్టిన స్పెషల్ ఆఫీసర్ పాలనే. మోరీలు తీస్తలేరు, వాటర్ ట్యాంక్ ఎప్పుడు కడిగిన్రో ఎవ్వలికి తెల్వదు, అంగన్‌వాడీ స్లాబ్ వానకు కురుస్తది. సర్పంచ్‌ని అడిగితే పైసల్ లేవంటడు, సెక్రటరీని అడిగితే పైకెళ్ళి రాలేదంటడు, మండల ఆఫీస్‌కు పోతే గ్రామసభల అడుగుపో అంటరు. ఎక్కడ పట్టుకుంటే దొరుకుతరు వీళ్ళు? చదివి చెప్పేటోళ్ళు కాదు, చేసి చూసినోళ్ళు చెప్పండి.

గల్ఫ్_అన్న
తమ్మీ, ముందుగాల ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్ తెరువు, పంచాయతీల లెక్కలు పెట్టే కేంద్రం సైట్ అది. రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు కొడితే ఏ సంవత్సరం ఎంతొచ్చింది, ఏ పని కింద ఓచర్ రాసిన్రు, అన్నీ కనబడ్తయి. నేను దుబాయ్‌ల రూమ్‌ల కూసోని మా జగిత్యాల దిక్కు ఊరి లెక్క చూస్త. ఒక స్క్రీన్‌షాట్ ఊరి వాట్సాప్ గ్రూప్‌ల పెట్టిన, పెట్టంగనే నన్ను గ్రూప్‌ల కెళ్ళి తీసేసిన్రు 😂 మళ్ళ మా బామ్మర్ది యాడ్ చేసిండు.

కానీ ఒక మాట, మీ సర్పంచ్ "లేవు" అన్నది పూరా అబద్ధం కాదు. 2024 ఫిబ్రవరి నుంచి మన తెలంగాణ పంచాయతీలకు గెలిచిన బాడీ (పాలకవర్గం) లేకపాయె, బాడీ లేకుంటే 15వ ఆర్థిక సంఘం చెప్పిన లెక్కన పంచాయతీలకు రావాల్సిన పైసలు కేంద్రం ఇయ్యదు. ఎలక్షన్లు లేట్ చేసింది ఎవరు, మురికి మోరీల నడిచేది ఎవరు!

కోనసీమ_కుర్రోడు
మా ఆంధ్రాలో బాడీ ఉండి కూడా అదే కథ అండి. 2021లో ఎన్నికలయ్యాయి, ఆ ఏడాదే ఆర్థిక సంఘం నిధులు పంచాయతీ ఖాతాల్లోంచి కరెంటు బకాయిల కింద లాగేశారు, చాలామంది సర్పంచ్‌లకి ముందు చెప్పను కూడా లేదు, పార్టీలతో పని లేకుండా రోడ్డెక్కారు అప్పుడు. అంచేత నేనొకటి గమనించాను, మనం ఊళ్ళో సర్పంచ్ కాలరు పట్టుకుని అడుగుతాం, తాళం మాత్రం అమరావతిలోనో హైదరాబాద్‌లోనో ఉంటుంది. పంచాయతీలకి రాజ్యాంగంలో చోటిచ్చిన 73వ సవరణ అంటారు, 11వ షెడ్యూల్లో 29 అంశాలు అంటారు, కాయితం మీద తాగునీరు దగ్గర్నుంచి స్కూలు దాకా అన్నీ పంచాయతీవే, ఉద్యోగులూ డబ్బూ మాత్రం శాఖల చేతిలో.

అయినా వదలక్కర్లేదు. 15వ ఆర్థిక సంఘం (2021-26) గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే కట్టేసిన డబ్బు, వేరేదానికి వాడకూడదు. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ జీతాలకి వాడకూడదు. కాబట్టి "డబ్బేం చేశారు" అనొద్దు, "ఈ 60 శాతంలో ట్యాంకుకి ఎంత పెట్టారు" అనండి, మొహం మారిపోద్ది.

ముగ్గురి_అమ్మ
అంగన్‌వాడీ సంగతి నేను చెప్తా. దానికోసం సర్పంచ్ చుట్టూ తిరిగి తిరిగి కాళ్ళు నొప్పులే మాకు. టీచర్, గుడ్లు, పాలు, సరుకు మొత్తం ఐసీడీఎస్ (పిల్లల, తల్లుల పోషణ చూసే పథకం) కింద, పైన సూపర్‌వైజర్, ఆమె పైన సీడీపీఓ అనే ప్రాజెక్టు ఆఫీసర్. మా దగ్గర గర్భిణులకు ఆరోగ్యలక్ష్మి భోజనంలో రోజూ గుడ్డు, పాలు ఇవ్వాలి, కొన్ని రోజులు గుడ్డు రాలేదు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో అర్జీ ఇచ్చిన, కొన్నాళ్ళకు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది "పరిష్కరించబడినది" అని. ఏం పరిష్కారమో ఆ దేవుడికే తెలియాలి, గుడ్డు అయితే రాలే.

తర్వాత మేం ఆడవాళ్ళం అందరం కలిసి పోయినం, స్టాక్ రిజిస్టర్ చూపించమన్నం, ఏ తారీకు ఎన్ని వచ్చినయి ఎన్ని ఇచ్చిన్రు అని. గొడవ పెట్టలే. అంతే, తర్వాత నెల నుంచి సక్కగ వచ్చినయి. ఒక్కతే పోతే "ఈమెకేం పని లేదా" అంటరు, పదిమంది పోతే కుర్చీలేస్తరు.

అనంత_పల్లె
నేను కొన్నేండ్లు ఉపాధి హామీ సామాజిక తనిఖీలో గ్రామ స్థాయిలో పనిచేసినా. ఆ పథకం దేశంలో మొదలైందే మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. అదే ఏడాది నుంచి తనిఖీలూ మొదలైనాయి, 2009లో దానికి వేరే సొసైటీ పెట్టినారు. 2005 ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం గ్రామసభే తనిఖీ చేయాల్సి ఉండేది, అది మామూలు ఆడిట్ కాదు.

మేం చేసేది ఏమంటే మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, చేత పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఊర్లో ఆ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ పక్కనుంటే ఎవరూ నోరు తెరవరు, అందుకని పొద్దుగూకినాక పోయి అరుగు మీద కూర్చునేవాళ్ళం. ఇంగొకటి, "అవినీతి జరిగిందా" అని అడిగితే మనిషి భయపడతాడు, "లేదప్పా, అంతా బాగుండాది" అంటాడు. "ఫలానా వారం ఫలానా చెరువు కాడ ఆరు దినాలు పని చేసినావంట, పోయినావా?" అంటే "యాడికి పోయినా, నేను అప్పుడు బెంగుళూర్లో ఉన్నా కదా" అని తనే చెప్తాడు. చచ్చిపోయినోళ్ళ పేర్లు, ఊరు వదిలిపోయినోళ్ళ పేర్లు అట్లనే బయటపడేవి. అది రాసుకుని గ్రామసభలో పైకి చదివేది, ఆపైన మండలంలో ప్రజావేదిక పెట్టి ఆఫీసర్ల ముందర పెట్టేది.

దాంట్లో లోటు ఏమంటే తేలిన డబ్బు వెనక్కి రాబట్టేది మా చేతిలో లేదు. రికవరీ అని రాస్తారు, తర్వాత ఆ ఫైలు ఎక్కడుంటాదో ఎవరికీ తెలీదు. అయినా పదిమంది ముందు పేరు చదివితే మల్లా సంవత్సరం చేయి చాపేవాడు కొంచెం ఆలోచిస్తాడు. మానేరు తమ్ముడూ, నువ్వు కూడా ట్యాంకు గురించి అట్లనే అడుగు, పేరు, తారీకు, రూపాయి పెట్టి.

పేరు_చెప్పని_కార్యదర్శి
అందరూ మమ్మల్నే అంటున్నారు కదా, ఇటువైపు మాట కూడా వినండి. నేను తెలంగాణలో పంచాయతీ కార్యదర్శిని. స్పెషల్ ఆఫీసర్ల టైంలో ట్రాక్టర్ కిస్తీ, డీజిల్, బ్లీచింగ్, మల్టీపర్పస్ వర్కర్ల జీతం ఇవన్నీ నెత్తి మీదే, నాతో పాటు చాలామంది జేబులోంచి పెట్టినవి ఇంకా రాలేదు. చెక్కు రాసి ట్రెజరీకి పంపితే నెలలు నెలలు అక్కడే. మాజీ సర్పంచ్‌లు బిల్లుల కోసం ధర్నాలు చేసింది అందరూ చూశారు.

అయితే నిజాయితీగా చెప్తున్నా, మీరు అడిగే తీరు కూడా మాకు తప్పించుకునే దారి ఇస్తుంది. "గత ఐదేళ్ళ ఆదాయ వ్యయాల పూర్తి వివరాలు ఇవ్వగలరు" అని ఆర్‌టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) పెడతారు, మేం "సమాచారం విస్తృతంగా ఉన్నందున" అని ఒక లైన్ రాసి పంపుతాం, మీరు కోపంతో ఊరుకుంటారు. అట్లా కాదు. ఒక్క పని పట్టుకోండి. దానికి తీర్మానం కాపీ, ఎస్టిమేట్, ఎంబీ అంటే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్, ఓచర్. ఈ నాలుగూ అడిగితే మాకు దాక్కునే చోటు ఉండదు. ఎంబీలో రాసిన పొడవు, వెడల్పు పట్టుకుని టేపుతో పోయి కొలుచుకోండి.

గ్రామ స్థాయి ఆఫీసులో ఆర్‌టీఐకి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు. 30 రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు. కాపీలే అవసరం లేదు, ఆర్‌టీఐ చట్టం సెక్షన్ 2(జె) కింద రికార్డులు వచ్చి చూసుకుంటా అని కూడా రాయొచ్చు, పనులను తనిఖీ చేసే హక్కు కూడా అందులోనే ఉంది, ఇది చాలామందికి తెలియదు. ఇంకోటి, తెలంగాణ పంచాయతీరాజ్ 2018 చట్టంతో చెక్ పవర్, అంటే చెక్కుల మీద సంతకం పెట్టే అధికారం, సర్పంచ్‌కూ ఉప సర్పంచ్‌కూ కలిపి పెట్టారు. సర్పంచ్ దొరక్కపోతే ఉప సర్పంచ్‌ని అడగండి, ఆయన సంతకం లేకుండా పైసా కదలదు.

కోనసీమ_కుర్రోడు
మా వైపు సర్పంచ్‌ని అడగడం అంటే సర్పంచ్ గారి ఆయన్ని అడగడం. ఆవిడ సంతకం మాత్రం పెడతారు 🙏

మానేరు_వాసి
అందరికి థ్యాంక్స్. గల్ఫ్ అన్న చెప్పినట్టు సైట్ చూసిన. స్పెషల్ ఆఫీసర్ రాకముందు సంవత్సరంల ట్యాంక్ క్లీనింగ్ కింద, క్లోరిన్ కొన్నట్టు ఓచర్లు ఉన్నయి. నీళ్ళు వదిలే పిలగాణ్ణి అడిగితే "అన్నా నేను ట్యాంక్ ఎక్కుడు ఇడిశిపెట్టి ఎన్నేండ్లాయె, నిచ్చెన ఇరిగింది" అన్నడు. ఇప్పుడు గ్రామసభల అడగాలంటే ఎట్ల? మా దగ్గర రెండు నెలలకోసారి పెట్టాలి కదా చట్టం ప్రకారం.

పేరు_చెప్పని_కార్యదర్శి
పెట్టాలి. నోటితో అడిగి రావద్దు, కాగితం మీద రాసి ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర వేయించుకో. "నా ప్రశ్న మినిట్స్‌లో రాయండి" అను, రాశాక చదివించుకో. ముఖ్యంగా హాజరు సంతకం ముందే పెట్టకు, తీర్మానాలు రాసింది చూశాకే పెట్టు.

మానేరు_వాసి
సార్, మా ఊర్ల ఆ రిజిస్టర్ ఇంటింటికి వస్తది సంతకాలకు. గ్రామసభ అయితదా కాదా తర్వాత ముచ్చట. ఈసారి మా ఇంటికి వస్తే ఫోటో తీసి ఇక్కడ పెడత.