ఆపాల్సిన హార్మోన్‌ను పెంచే మందు ఇస్తారా? రాత్రంతా చదివినా అంతు చిక్కట్లేదు

బుజ్జి అమ్మ: రాత్రి పదకొండింటికి కూర్చున్నా, ఇప్పుడు రెండున్నర. పాపకు చిన్న వయసులోనే ఈడు మొదలైందని, దాన్ని ఆపడానికి ల్యూప్రోలైడ్ అనే మందు మొదలుపెట్టారు. ఎక్కడ చూసినా అది మెదడులో హైపోథాలమస్ అనే భాగం వదిలే హార్మోన్ జీఎన్‌ఆర్‌హెచ్ లాంటిదే, పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చి అండాశయాలను పనిచేయించే హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను పెంచుతుంది అని ఉంది. మాకు కావాల్సింది తగ్గడం కదా! మందు మారిపోయిందా? సాయంత్రం పాప బట్టల మీద రూపాయి బిళ్లంత రక్తపు మరక. నా కాళ్లూ చేతులూ ఆడట్లేదు.

సూర్యం: వయసెంత? రోజూ వేసేదా, నెలకోసారా?

పెరటితోట: అమ్మా, ముందు బ్రాయిలర్ కోడి మాన్పించు. హార్మోన్ సూదులు పొడిచి పెంచిన కోళ్లు తినే పిల్లలు ఇలా అవుతున్నారు.

ఫిజియాలజీ టీచర్: బ్రాయిలర్ బరువంతా జాతి ఎంపిక, మేత వల్ల. అయినా పెప్టైడ్ హార్మోన్, అంటే అమైనో ఆమ్లాల గొలుసు, నోట్లోంచి వెళ్తే పప్పులో ప్రోటీన్ లాగే అరిగిపోతుంది. పాపకు బిళ్ల కాకుండా సూది ఇచ్చింది అందుకేగా.

పెరటితోట: మా తాతల కాలంలో ఈ జబ్బులున్నాయా?

బుజ్జి అమ్మ: ఏడేళ్లండి. నెలకోసారి వేసేది. మొదటిది పడి పన్నెండు రోజులు.

సూర్యం: అది ముందే చెప్పాలి. చిక్కు అక్కడే ఉంది.

ఫిజియాలజీ టీచర్: హైపోథాలమస్ జీఎన్‌ఆర్‌హెచ్‌ను ధారగా వదలదమ్మా, గంటకో గంటన్నరకో ఒక విడత. పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, నిమిషాల్లో తెగిపోతుంది. మధ్యలో ఆ విరామం ఉంటేనే పిట్యూటరీ మళ్లీ పలుకుతుంది. 1978లో నోబిల్ బృందం హైపోథాలమస్ దెబ్బతిన్న కోతులకు గంటకోసారి ఇస్తే ఎల్‌హెచ్ వచ్చింది, ఆపకుండా ఎక్కిస్తే పడిపోయింది. మీ మందులో ఆరో అమైనో ఆమ్లాన్ని మార్చారు, తొందరగా తెగదు. పైగా నెలంతా ఊరుతూనే ఉంటుంది. మొదట్లో ఎల్‌హెచ్ ఎగుస్తుంది, రెండు మూడు వారాల్లో పిట్యూటరీ మొద్దుబారి అంతా తగ్గుతుంది. దాంతోపాటు ఎగిసిన ఈస్ట్రోజన్ (అండాశయాలు వదిలే ఆడ హార్మోన్) దిగేటప్పుడు కొందరు పిల్లలకు ఇలా మరక పడుతుంది. అయినా తెల్లారగానే డాక్టరుకు చెప్పండి. రెండో సూది తేదీ మాత్రం దాటనివ్వకండి.

నిఘంటువు: పెప్టైడ్ అంటారు, హార్మోన్ అంటారు. ఏదో ఒకటి అనండి.

ఫిజియాలజీ టీచర్: రెండూ నిజమే. పెప్టైడ్ దాని నిర్మాణం, హార్మోన్ అది చేసే పని.

నిఘంటువు: మరి స్టెరాయిడ్?

సూర్యం: ఈస్ట్రోజన్ స్టెరాయిడే, పెప్టైడ్ కాదు. వేరే పోస్టు పెట్టుకోండి.

బుజ్జి అమ్మ: ఫోన్ చేశా, రమ్మన్నారు. బస్సులో ఉన్నాం. థాంక్సండి.

నిఘంటువు: ఇన్సులిన్ పెప్టైడా, ప్రోటీనా? దానికీ జవాబు చెప్పండి.