రెండెకరాల వాలు యార్డ్: లాన్ ట్రాక్టరా, జీరో టర్నా? హెచ్‌పీ చూడాలా, ట్రాన్స్‌మిషన్ చూడాలా?

వాలుఇల్లు
అందరికీ నమస్కారం. మా ఇంటి చుట్టూ రెండెకరాల గడ్డి, అందులో సగం పైనే వాలు. వెనక ఒక గట్టు బాగా ఏటవాలుగా దిగి చిన్న కాలువ దగ్గర ఆగుతుంది. ఏడేళ్లు వాడిన పాత రైడింగ్ మోవర్ (కూర్చుని నడిపే గడ్డి కోత బండి) ఇక ఎక్కడం లేదు, మొదట్లో బాగానే పోతుంది కానీ అరగంట కోశాక పెడల్ మొత్తం తొక్కినా ఎత్తు మీద నిలబడిపోతోంది. 24 హెచ్‌పీ ఇంజిన్, 54 అంగుళాల డెక్ (కింద బ్లేడ్లుండే కోత భాగం) ఉన్న లాన్ ట్రాక్టర్ తీసుకుంటే బలమూ ఉంటుంది, పనీ త్వరగా అవుతుందని నా లెక్క. పక్కింటాయన మాత్రం జీరో టర్న్ (రెండు లీవర్లతో నడిపే, ఉన్నచోటే గిర్రున తిరిగే మోవర్) తీసుకో, సగం టైమ్‌లో అయిపోతుంది అంటున్నారు. వాలు మీద నిజంగా వాడినవాళ్లు చెప్పండి.

పాతస్పానర్
వాలుఇల్లు గారూ, మీరు చెప్పిన లక్షణం చూస్తే ఇంజిన్ తప్పు కాదనిపిస్తోంది. చల్లగా ఉన్నప్పుడు ఎక్కి, వేడెక్కాక ఎక్కడం మానేసిందంటే హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ (ఇంజిన్ బలాన్ని చక్రాలకి అందించే భాగం) అరిగింది. దాని లోపల పంపు, మోటారు మధ్య ఆయిల్ ఒత్తిడితోనే చక్రాలు తిరుగుతాయి. వాలు ఎక్కేటప్పుడు ఆ ఆయిల్ విపరీతంగా వేడెక్కి పలచబడుతుంది, అరిగిన సందుల్లోంచి లోపలే జారిపోతుంది, ఇక చక్రానికి బలం అందదు. ముందు ఒకసారి డ్రైవ్ బెల్ట్ చూడండి, ట్రాన్స్‌మిషన్ మీదున్న చిన్న ఫ్యాన్‌లో గడ్డి ఇరుక్కుందేమో కూడా చూడండి, ఆ రెండూ బాగుంటే నేను చెప్పిందే.

కొత్తదానికి మీరు 24 హెచ్‌పీ అంటున్నారు. ఆ హెచ్‌పీలో ఎక్కువ భాగం బ్లేడ్లు తిప్పడానికే పోతుంది. చిన్న ట్రాన్స్‌మిషన్ మీద పెద్ద ఇంజిన్ పెట్టి అమ్మే మోడల్స్ చాలా ఉన్నాయి, మీలాంటి స్థలంలో మళ్లీ అదే కథ అవుతుంది. స్టిక్కర్ మీద హెచ్‌పీ కాదు, కింద ఏ ట్రాన్స్‌మిషన్ ఉందో అడగండి. టఫ్ టార్క్ అనే ట్రాన్స్‌మిషన్ కంపెనీ వాళ్లవే తీసుకుంటే కే46 అనేది చదునైన గడ్డికి, తేలిక పనికి సరిపోయే రకం, కే57, కే66, కే72 అలా పైకి పోయేకొద్దీ బరువు పనికి. ఆయిల్, ఫిల్టర్ మార్చుకునే వీలున్నది దొరికితే వదలొద్దు. షోరూంలో చెప్పలేకపోతే మోడల్ నంబర్ పట్టుకుని విడిభాగాల పట్టిక చూడండి, అందులో ఉంటుంది.

రయ్‌రయ్
నేను పక్కింటాయన వైపే. నాదీ వాలు స్థలమే, నాలుగేళ్లుగా జీరో టర్న్ వాడుతున్నాను, ఒక్కసారి కూడా ఇబ్బంది పడలేదు. పైగా ఒక విషయం ఎవరూ చెప్పరు. మామూలు లాన్ ట్రాక్టర్‌లో డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) వల్ల ఒక వెనక చక్రం పట్టు తప్పి గిర్రున తిరిగితే రెండోది పనిచేయదు. జీరో టర్న్‌లో రెండు వెనక చక్రాలకీ వేర్వేరు డ్రైవ్ కాబట్టి ఎత్తు ఎక్కడంలో అదే మెరుగు. నా స్థలం వాలు 15 శాతం, చెట్ల చుట్టూ తిరగడం కూడా హాయిగా ఉంటుంది.

చేమంతి
రయ్‌రయ్ గారూ, శాతం వేరు, డిగ్రీలు వేరు. మీ 15 శాతం అంటే ఎనిమిదిన్నర డిగ్రీలే. ఎక్కువ కంపెనీలు మాన్యువల్‌లో పెట్టే హద్దు 15 డిగ్రీలు, అది దాదాపు 27 శాతం అవుతుంది, కొన్ని జీరో టర్న్‌లకైతే 10 డిగ్రీల దగ్గరే ఆపేస్తారు. మీ స్థలంలో మీ మాట నిజమే, కానీ వాలుఇల్లు గారి గట్టు మీద అదే మాట నమ్మితే ప్రమాదం.

ఎక్కడం గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. భయం దిగడంలో ఉంది. జీరో టర్న్ ముందు చక్రాలు ఊరికే దొర్లే చక్రాలు, వాటికి స్టీరింగూ లేదు, బ్రేకూ లేదు. తిప్పడం, ఆపడం మొత్తం వెనక చక్రాల పట్టు మీదే. ముక్కు కిందకి పెట్టి దిగేటప్పుడు బరువంతా ముందుకి వెళ్లి వెనక చక్రాలు తేలికవుతాయి, అప్పుడే అవి జారితే మీ చేతిలో ఏమీ మిగలదు. నాకు ఇలాగే జరిగింది. పొద్దున మంచు ఇంకా ఆరని గడ్డి, చిన్న వాలే, లీవర్లు రెండూ వెనక్కి లాగినా బండి పడవలా జారుకుంటూ కంచె దాకా పోయింది. కంచె ఉంది కాబట్టి ఆగింది. మీకు కింద కాలువ ఉంది అన్నారు చూడండి, అది చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

రయ్‌రయ్
శాతం, డిగ్రీల దగ్గర పొరబడ్డాను, ఒప్పుకుంటున్నాను. అయినా తడి గడ్డి మీద ఏ బండైనా జారుతుంది, అది జీరో టర్న్ ఒక్కదాని తప్పు కాదు కదా. ముందు చక్రాలకి స్టీరింగ్ ఉన్న జీరో టర్న్‌లు కూడా ఉన్నాయి, క్యూబ్ క్యాడెట్‌లో స్టీరింగ్ వీల్‌తో వచ్చేవి చూడండి, వాటి మీద అదుపు బాగుంటుంది.

వాలుఇల్లు
చాలా థ్యాంక్స్ అండి. హెచ్‌పీ సంగతి అర్థమైంది. మరి 54 అంగుళాల డెక్ కూడా తప్పేనా? వారం వారం రెండెకరాలు కోయడం అంటే సెలవు రోజు మొత్తం దానికే పోతోంది, టెన్షన్ అదే.

మట్టిచేతులు
డెక్ లెక్క నేను చెప్తాను. గంటకి 6 కిలోమీటర్ల వేగం, మలుపులకీ ఒకదాని మీద ఒకటి పడే వరసలకీ ఐదో వంతు తీసేస్తే, 42 అంగుళాల డెక్ గంటకి ఎకరం పావు కోస్తుంది, 54 అంగుళాలది ఎకరం అరవై సెంట్ల పైచిలుకు. మీ రెండెకరాల మీద తేడా 20 నిమిషాలు. అదీ నేల చదునుగా ఉంటేనే. ఎగుడుదిగుడు వాలు మీద వెడల్పు డెక్ నేల ఒంపులకి తగ్గట్టు వంగదు, మిట్టల మీద మట్టి కనపడేదాకా గీరేస్తుంది, పల్లాల్లో గడ్డి వదిలేస్తుంది. నేనైతే 46 లేదా 48 దగ్గర ఆగుతాను.

డబ్బు ఎక్కడ పెట్టాలంటే బరువైన గార్డెన్ ట్రాక్టర్ మీద, డిఫరెన్షియల్ లాక్ (రెండు వెనక చక్రాలనీ కలిపి ఒకేలా తిప్పేది) ఉన్నది. రయ్‌రయ్ గారు చెప్పిన ఒక చక్రం గిర్రున తిరిగే సమస్యకి మందు అదే. హస్క్‌వర్నా టీఎస్ 354ఎక్స్‌డీలో లాక్ ఉంది, కానీ దానికి వచ్చేది 54 డెక్కే, అది గుర్తుంచుకోండి. లాక్ వేసి ఉండగా మలుపు తిప్పకూడదు. ఇంకా పైకి వెళ్తే జాన్ డీర్ ఎక్స్738, కుబోటా బీఎక్స్ లాంటి నాలుగు చక్రాల డ్రైవ్‌లు, ముందు డెక్‌తో మధ్యలో మడత తిరిగే హస్క్‌వర్నా ఏడబ్ల్యూడీ (అన్ని చక్రాలకీ డ్రైవ్) రైడర్లు.

చేమంతి
నాలుగు చక్రాల డ్రైవ్ దగ్గర చిన్న హెచ్చరిక. అది పట్టు పెంచుతుంది, పడిపోకుండా ఆపదు. రెండు చక్రాల బండి ఎక్కలేక మధ్యలోనే ఆగిపోయే చోటికి అది మిమ్మల్ని తీసుకెళ్లిపోతుంది. రోల్ బార్ (బండి బోల్తా పడినా మనిషి నలగకుండా కాపాడే ఇనుప చట్రం) ఉన్నది తీసుకోండి, బార్ నిలబెట్టి ఉంటే బెల్టు తప్పనిసరి, బార్ మడిచి ఉన్నా అసలు లేకపోయినా బెల్టు పెట్టుకోకూడదు, పడితే బండి కింద చిక్కుకుంటారు. గడ్డి సంచీ వెనక తగిలిస్తే, నిండాక ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలుతాయి, కాబట్టి ముందు బరువు కట్టాలి.

ముందు కొలవండి. మీటరు పొడుగు చెక్క, రసమట్టం తీసుకోండి. చెక్క ఒక కొస వాలు మీద ఆనించి, మట్టంగా పట్టుకుని, రెండో కొస కింద ఖాళీ ఎంతో కొలవండి. 27 సెంటీమీటర్లు వస్తే 15 డిగ్రీలు, 36 వస్తే 20.

వాలుఇల్లు
కొలిచాను. పక్క వాలు అంతటా 17 నుంచి 21 సెంటీమీటర్లు. వెనక గట్టు మాత్రం 41. ఇన్నేళ్లూ దాని మీద అడ్డంగా నడిపాను, తలుచుకుంటే చెమటలు పడుతున్నాయి.

పాతస్పానర్
41 అంటే 22 డిగ్రీల పైనే. దాని మీద మనిషి కూర్చుని నడిపే బండి వద్దు, ఏ మోడలైనా సరే. అక్కడ నేలని పరుచుకునే మొక్కలు నాటండి, లేదా హస్క్‌వర్నా ఆటోమోవర్ 435ఎక్స్ ఏడబ్ల్యూడీ లాంటి రోబో చూడండి, అది 70 శాతం వాలు దాకా ఎక్కుతుంది. కాలువ అంచు నుంచి కనీసం రెండు డెక్‌ల వెడల్పు దూరం లోపలికి ట్రాక్టర్‌ని పోనివ్వకండి.

మిగతా 10, 12 డిగ్రీల వాలుకి మంచి ట్రాన్స్‌మిషన్, 48 డెక్ సరిపోతుంది. నిలువుగా ఎక్కి నిలువుగా దిగండి, మలుపులు చదునులో. మధ్యలో ఆగిపోతే బ్లేడ్లు ఆపి, తిన్నగా వెనక్కి నెమ్మదిగా దిగాలి.

మట్టిచేతులు
టైర్ల దగ్గర మాత్రం ఆలోచించండి. నునుపు టర్ఫ్ టైర్లు వాలు మీద నాకు పనికిరాలేదు, గట్లున్న ఏజీ (వ్యవసాయ ట్రాక్టర్ తరహా) టైర్లు వేయించాకే పట్టు దొరికింది.

రయ్‌రయ్
ఏజీ టైర్లు మలుపుల్లో గడ్డి పీకేస్తాయి అన్నా, ఒకసారి మట్టి తేలితే ఆ చోటే వానకి కోసుకుపోతుంది. నేనైతే టర్ఫ్ టైర్లే ఉంచి వెనక చక్రాలకి బరువులు కడతాను.

వాలుఇల్లు
గట్టు మీద మొక్కలు నాటాలని ఇంట్లో నిర్ణయించేశాం. ట్రాక్టర్‌కి 48 డెక్, డిఫరెన్షియల్ లాక్ ఉన్నవి రెండు మోడల్స్ రాసుకున్నాను, వాటి ట్రాన్స్‌మిషన్ నంబర్లు అడుగుతాను. టైర్లు మొదట బండితో వచ్చినవే ఉంచి, బరువులు కట్టి చూస్తాను. షోరూంలో నడిపి చూసేటప్పుడు ఏం గమనించాలి?

పాతస్పానర్
చల్లని బండి ఎక్కితే ఏమీ తెలియదు. అరగంట నడపనివ్వమని అడగండి, బాగా వేడెక్కాక వాలు మధ్యలో ఆపి, అక్కడి నుంచే మళ్లీ పైకి కదిలించి చూడండి.