రజా ‘బిందువు’ ప్రింటుకు 14 వేలా? కొనచ్చా, దండగా?

కేటీరోడ్డు కుర్రోడు:
కొత్త ఇంట్లో హాలు గోడ ఖాళీగా ఉంది. చిత్రకారుడు ఎస్.హెచ్. రజా వేసిన ‘బిందువు’ బొమ్మల్లో ఒకదాని ఆర్కైవల్ ప్రింటు (చాలా ఏళ్లు వెలిసిపోకుండా వేసే అచ్చు) ఆన్‌లైన్‌లో చూశా. చిన్నప్పుడు బడిలో అయ్యవారు గోడ మీద చుక్క పెట్టి దాన్నే చూడమన్నారట ఆయన్ని. ఆ కథ తెలిసినప్పటి నుంచి నాకు ఆ నల్ల చుక్క మీదే ధ్యాస. 25 కాపీలే వేశారట, ఫ్రేము కాకుండా 14,000. ‘ఆ డబ్బుకు స్వామివారి పటం నిలువెత్తుది వస్తుంది కదరా’ అంటాడు మా నాన్న.

కాళహస్తి కోడలు:
మీ నాన్నగారికే నా ఓటు. అచ్చుకు అంత పోసే బదులు మా ఊరు రండి. బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టి నలుపు చేసి, కలంతో చేత్తో గీసిన బట్ట వస్తుంది. అది అసలు, ఇది నకలు.

కేటీరోడ్డు కుర్రోడు:
అక్కా, కలంకారీ మా ఇంట్లో రెండున్నాయి. నాకు కావలసింది ఆ చుక్క!

పటాల షాపు:
నకలే అయినా అన్నీ ఒకటి కాదమ్మా. మామూలు పోస్టరు మన ఎండకు నాలుగేళ్లలో వెలిసిపోయి నీలం తేలుతుంది. పిగ్మెంట్ ఇంకుతో, ఆమ్లం లేని కాటన్ కాగితం మీద వేస్తే చాలా ఏళ్లు నిలుస్తుంది. కానీ ఫ్రేము కట్టేవాడు వెనక మామూలు అట్ట వేసి బంకతో అంటించాడా, పెట్టిన డబ్బు గోవిందా. అద్దం బొమ్మకు తగలకూడదు, మధ్యలో మౌంటు (బొమ్మ చుట్టూ అంచులా పెట్టే మందపాటి అట్ట) ఉండాలి. (అడగకపోతే మేమూ మామూలు అట్టే వేస్తాం, దాచేదేముంది.)

చిత్తూరు మామిడి:
కాగితం సరే, హక్కుల మాటేంటి? రజా 2016లో పోయారు. మన చట్టం ప్రకారం ఆ తర్వాత 60 ఏళ్లు, అంటే 2076 చివరి దాకా, అనుమతి లేకుండా అచ్చు వేయకూడదు. ఎవరు అనుమతిచ్చారో అడుగు తమ్ముడూ. ఇప్పుడు వేసిన దాని మీద ఆయన సంతకం కనబడితే అదీ అచ్చులో పడిందే. బతికుండగా సంతకం చేసిన స్క్రీన్ ప్రింట్ల లెక్క వేరు. అదే రష్యా చిత్రకారుడు కాండిన్‌స్కీ అయితే 1944లోనే పోయాడు, ఇక్కడ ఎవరైనా వేసుకోవచ్చు. అలాంటి వాటికి ‘25 కాపీలే’ అంటే ఆ షాపు వేసినవి 25 అని. పక్క షాపు 500 వేస్తే ఆపేదెవరు? రేపు ధర పెరుగుతుందని మాత్రం కొనకు. రోజూ చూసుకోవాలనిపిస్తే కొను.

కేటీరోడ్డు కుర్రోడు:
అమ్మేవాళ్లకు మెయిల్ పెట్టా. కాగితం, ఇంకు వివరాలు గంటలో వచ్చాయి. అనుమతి సంగతి అడిగి నాలుగు రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు. ఈలోపు నాన్న ఆ మేకుకు క్యాలెండరు తగిలించేశాడు.