పరీక్ష నెగెటివ్ వచ్చినా వైరల్ న్యుమోనియా అంటున్నారు, ఆధారం ఏమిటి?

ప్రశ్న (రోగి కుమారుడు, పటమట, విజయవాడ)

మా నాన్నగారి వయసు 68 ఏళ్లు, చాలాకాలంగా మధుమేహం ఉంది. వారం క్రితం జలుబు, ఒళ్లునొప్పులతో మొదలైన జ్వరం ఆయాసంలోకి దిగి, ఆక్సిజన్ 89కి పడిపోవడంతో నగరంలోని ఒక ఆస్పత్రిలో చేర్చాము. యాంటీజెన్ పరీక్షలోనూ, మర్నాడు వచ్చిన ఆర్‌టీ-పీసీఆర్ నివేదికలోనూ కొవిడ్, ఫ్లూ రెండూ నెగెటివ్ అనే ఉంది. అయినా డాక్టరుగారు ఇది వైరల్ న్యుమోనియాయే కావచ్చునని చెప్పి, ఆయనను విడి గదిలో ఉంచి ఒసెల్టామివిర్ (ఫ్లూ వైరస్‌కు ఇచ్చే మందు) కొనసాగిస్తున్నారు. నివేదిక ఒకటి చెబుతుంటే వైద్యం మరొకటి ఎందుకు జరుగుతోందో తెలియక అమ్మ ఎంతో ఆందోళన పడుతోంది. దయచేసి వివరించగలరు.

జవాబు (శ్వాసకోశ వైద్యుడు, గుంటూరు)

నాన్నగారిని చూడకుండా ఆయనకున్నది ఫలానా జబ్బేనని నేను చెప్పకూడదు. మీ డాక్టరుగారి ఆలోచన ఏ దారిన సాగి ఉంటుందో మాత్రం చెప్పగలను. నెగెటివ్ అంటే, ఆ స్వాబ్‌కు అంటిన నమూనాలో ఆ పరీక్ష వెతికిన వైరస్ కనబడలేదని మాత్రమే అర్థం. ఫ్లూ యాంటీజెన్ పరీక్షలు ఫ్లూ ఉన్నవారిలో సుమారు 50 నుంచి 70 శాతం మందినే పట్టుకుంటాయి. పీసీఆర్ అంతకన్నా ఎంతో మెరుగైనదే అయినా, వారం గడిచేసరికి వైరస్ ముక్కులో తగ్గిపోయి ఊపిరితిత్తుల లోపల మిగిలి ఉండవచ్చు. 2020లో చైనాలో కొవిడ్ రోగుల నమూనాలను పోల్చి చూసినప్పుడు, ఊపిరితిత్తులను కడిగి తీసిన ద్రవంలో 93 శాతం, కఫంలో 72 శాతం, ముక్కు స్వాబులలో 63 శాతం, గొంతు స్వాబులలో 32 శాతం పాజిటివ్‌గా తేలాయి.

ఒక లెక్క చూడండి. ఇవే లక్షణాలున్న 100 మందిలో 70 మందికి వైరస్ ఉందనీ, పరీక్ష వారిలో 70 శాతం మందిని పట్టుకుంటుందనీ అనుకుందాం. 49 మంది బయటపడతారు, 21 మంది తప్పిపోతారు. వైరస్ లేని 30 మందిని కలిపితే నెగెటివ్ వచ్చినవారు 51 మంది. వారిలో 21 మందికి జబ్బు ఉన్నట్లే. అందుకే ఊళ్లో ఏ జ్వరాలు తిరుగుతున్నాయి, ఇంట్లో ఇంకెవరైనా దగ్గుతున్నారా, సీటీలో రెండు ఊపిరితిత్తుల అంచులలోనూ పొగమంచు కమ్మినట్లున్న మచ్చలు ఉన్నాయా అన్నవి నివేదికతో సమానంగా చూస్తాము. ఆస్పత్రిలో చేరిన రోగిలో ఫ్లూ అనుమానం బలంగా ఉంటే నివేదిక కోసం ఆగకుండా మందు మొదలుపెట్టడం సరైన పద్ధతే.

జవాబు (మైక్రోబయాలజిస్టు, విజయవాడ)

స్వాబ్‌ను ముక్కు వెనుక భాగం దాకా పోనివ్వకుండా ముందే తిప్పి తీస్తే, ఎంత మంచి యంత్రమూ ఏమీ చేయలేదు. మరో సంగతి, మీ నివేదికలో ఉన్నవి రెండే వైరస్‌లు. ఆర్‌ఎస్‌వీ, మెటాన్యుమోవైరస్, అడినోవైరస్‌ల కోసం అసలు వెతకనే లేదు. అమెరికాలో న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరిన పెద్దలపై జరిగి 2015లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో, ఎన్నో పరీక్షలు చేసినా 38 శాతం మందిలోనే ఏదో ఒక క్రిమి దొరికింది.

జవాబు (జనరల్ మెడిసిన్ వైద్యురాలు, గుంటూరు)

పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పదలచుకున్నాను. ఏమీ దొరకని ప్రతి న్యుమోనియానూ వైరల్ అనేయడం ప్రమాదకరం. మధుమేహం ఉన్నవారిలో క్షయ సులువుగా దాగి ఉంటుంది, కాబట్టి కఫాన్ని సీబీనాట్‌కు (క్షయ క్రిమిని వెతికే జన్యు పరీక్షకు) పంపారో లేదో అడగండి. స్క్రబ్ టైఫస్ (పొదల్లో ఉండే సూక్ష్మ పురుగులు కుట్టడం వల్ల వచ్చే జబ్బు) కూడా జ్వరం, ఆయాసాలతోనే రావచ్చు. చంకలు, గజ్జలు వెతికితే పురుగు కుట్టిన చోట నల్లటి పెచ్చు కనబడవచ్చు, కనబడకపోయినంత మాత్రాన ఆ జబ్బు లేనట్టు కాదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో నయమయ్యే జబ్బును వదిలేస్తే ప్రాణం మీదకు వస్తుంది. గుండె బలహీనతతో ఊపిరితిత్తులలో నీరు చేరిందేమో ఎకోతో (గుండె స్కాన్‌తో) చూడాలి. ప్రొకాల్సిటోనిన్ (బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉంటే సాధారణంగా రక్తంలో పెరిగే పదార్థం) తక్కువగా ఉన్నదన్న ఒక్క కారణంతో, ఇంత ఆయాసం ఉన్న రోగికి యాంటీబయాటిక్ ఆపడం నాకు సమ్మతం కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా అబ్బాయికి బడిలో అంటుకున్న దగ్గు, నాన్నగారికి జ్వరం రాకముందే మొదలైంది. పరీక్ష మళ్లీ చేయమని అడగవచ్చా? బ్రాంకోస్కోపీ (గొట్టంతో ఊపిరితిత్తుల లోపల చూసే పరీక్ష) కూడా అవసరమవుతుందా?

జవాబు (శ్వాసకోశ వైద్యుడు, గుంటూరు)

అబ్బాయి దగ్గు సంగతి ఈరోజే డాక్టరుగారికి చెప్పండి. అనుమానాన్ని బలపరిచే సమాచారం అది. నాన్నగారు కఫం తీయగలిగితే దానిపైనే, మరిన్ని వైరస్‌లను వెతికే పీసీఆర్ చేయించమని అడగడం సబబే. బ్రాంకోస్కోపీ చేస్తే ఆక్సిజన్ ఇంకా పడిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి ఆయాసం పెరుగుతూ, దాని ఫలితంతో వైద్యం మారే అవకాశం ఉంటేనే ఆ నిర్ణయం తీసుకుంటారు. అనుమానం తీరేదాకా విడి గది కొనసాగాలి. అమ్మగారు లోపలికి వెళ్లేటప్పుడు మాస్కు తప్పనిసరి, బయటకు రాగానే చేతులు కడుక్కోవాలి.