మసాచుసెట్స్‌లో చార్టర్ బడుల పరిమితి ఎత్తేయాలా? మనవాళ్ళు ఏమంటారు?

పాలకొల్లు_అమ్మాయి (వూస్టర్):
ఉగాది కార్యక్రమంలో భోజనాల దగ్గర మొదలైన వాదన ఇంటికొచ్చినా తలలోంచి పోలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. "2016లో చార్టర్లకి అడ్డుపడి పేద పిల్లల నోట్లో మట్టి కొట్టారు" అన్నారు ఒకాయన. ఆ ఏడాది వద్దని ఓటేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. చార్టర్ బడిలో ఫీజు ఉండదు. డబ్బు ప్రభుత్వానిదే, పెత్తనం మాత్రం ఊరి స్కూల్ కమిటీది కాదు, సొంత బోర్డుది. రాష్ట్రం ఇచ్చిన అనుమతి ఐదేళ్ళకోసారి మళ్ళీ తెచ్చుకోవాలి. సీట్లకంటే పిల్లలు ఎక్కువైతే లాటరీ. ఇక్కడ ఇవి 1993 చట్టంతో వచ్చాయి. ఒక ఊరి బడుల డబ్బులో చార్టర్లకి ఎంత పోవచ్చో చట్టంలో హద్దుంది: మామూలుగా 9 శాతం, ఫలితాలు బాగా వెనకబడ్డ ఊళ్ళలో 18. ఏటా ఇంకో 12 బడుల దాకా కొత్తగా పెట్టడానికో, ఉన్నవి పెంచడానికో అనుమతిద్దామా అని 2016 నవంబరులో రెండో ప్రశ్నగా ఓటుకి పెడితే 62 శాతం వద్దన్నారు. బోస్టన్ కూడా వద్దనే అంది. (2024లో రాష్ట్రం పెట్టే ఎంకాస్ పరీక్ష మీద ఓటేసింది కూడా రెండో ప్రశ్నే. రెండూ కలిపేసుకోకండి.)

నేను ఇక్కడ ఒక డిస్ట్రిక్ట్ బడిలో, అంటే ఊరి స్కూల్ కమిటీ నడిపే మామూలు ప్రభుత్వ బడిలో, ఆరేళ్ళుగా రెండో తరగతి టీచరుకి సహాయకురాలిని. రెండేళ్ళ కిందట మార్చిలో ఒక సోమవారం పొద్దున మాకు ఇద్దరు కొత్త పిల్లలొచ్చారు. ఒకడు బ్రెజిల్ నుంచి దిగి నాలుగు రోజులే అయింది. రెండోవాడు చార్టర్ నుంచి తిరిగొచ్చాడు. బల్లల మీద పేర్ల చీటీలు సెప్టెంబరులోనే లామినేట్ చేసి అంటించేశాం. వీళ్ళకి నేను మాస్కింగ్ టేపు మీద స్కెచ్ పెన్నుతో రాసి అంటించాను. చార్టర్ నుంచి వచ్చినవాడు ఎవరితోనూ మాట్లాడకుండా ఆ టేపు అంచుని గోటితో గీకుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనం వేళకి పేరు సగం ఊడిపోయింది.

ఫిబ్రవరి 15 దాటాక ఖాళీ అయిన సీటుని చార్టర్ నింపక్కర్లేదు. పై తరగతుల్లో అయితే అసలే నింపక్కర్లేదు. మాకు ఏ నెలలో ఎవరొచ్చినా "సీటు లేదు" అనే వీల్లేదు, అనకూడదు కూడా. ఆ మాట అనగలిగే బడినీ, అనలేని బడినీ పక్కపక్కన పెట్టి మార్కులు పోలుస్తారు చూడండి, నా బాధ అక్కడ.

శ్రూస్‌బరీ_నాన్న:
అక్కా, మీ అనుభవాన్ని కాదనను. కానీ మార్కుల సంగతి మీరన్నట్టు లేదు. ఎంఐటీ ఆర్థికవేత్తలు జాషువా ఆంగ్రిస్ట్, పరాగ్ పాఠక్ వాళ్ళ బృందం బోస్టన్‌లో చార్టర్ పిల్లల్ని ఊళ్ళో మిగతా పిల్లలతో పోల్చలేదు. లాటరీలో పేరొచ్చినవాళ్ళనీ, అదే లాటరీలో పేరు రానివాళ్ళనీ పోల్చారు. ఇద్దరి తల్లిదండ్రులూ దరఖాస్తు పెట్టినవాళ్ళే, మధ్యలో తేడా చీటీ ఒక్కటే. చేరి మధ్యలో వచ్చేసినవాళ్ళని కూడా వదిలెయ్యలేదు, పేరొచ్చిన వాళ్ళ లెక్కలోనే ఉంచారు. అయినా లెక్కల సబ్జెక్టు మార్కుల్లో పేరొచ్చినవాళ్ళవైపు పెద్ద తేడా వచ్చింది. ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లల్లోనూ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల్లోనూ వచ్చింది. వాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో పిల్లలు.

ఇంకో మాట, కోపగించుకోకండి. "సీటు లేదు" అనేది చార్టర్ ఒక్కటేనా? నేను వూస్టర్ పక్కనున్న శ్రూస్‌బరీలో ఇల్లు కొన్నది బడి చూసే. ఇక్కడి బడి వూస్టర్ పిల్లాడికి సీటు ఇస్తుందా? లాటరీలో కనీసం పేదవాడి చీటీ కూడా డబ్బాలో పడుతుంది. నా ఇంటి రిజిస్ట్రేషన్ దగ్గర ఆ అవకాశం కూడా లేదు.

నల్లగొండ_కుర్రాడు (లోవెల్):
నేను గురుకులంల చదువుకున్న అన్నా. 1971ల సర్వేల్‌ల మొదటి గురుకులం పెట్టినప్పుడు గూడ "అందరి బడులు వదిలేసి కొందరికేంది" అన్నోళ్ళు ఉండే ఉంటరు. ఆ ప్రవేశ పరీక్ష లేకుంటే ఇయ్యాల నేను ఈడ లేను. మా నాయిన కూలి. అందరికీ మంచి బడి వచ్చేదాక ఆగుమని ఐదో తరగతి పిల్లగానికి ఎట్ల చెప్తరు? వాని వయసు ఆగదు గదా.

మాస్టారు (కొలంబస్, అబ్బాయి దగ్గరికి వచ్చాను):
నేను గుంటూరు జిల్లాలో ఎయిడెడ్ బడిలో 31 ఏళ్ళు లెక్కలు చెప్పాను. జీతం ప్రభుత్వానిది, యాజమాన్యం వేరు. మీరు చార్టర్ గురించి చెబుతుంటే నాకు మా బడే కనిపిస్తోంది. మంచి రోజుల్లో ఊరంతా మా దగ్గరికే వచ్చేది. తర్వాత ఒక్కొక్కరే రిటైరయ్యాం, ఆ పోస్టులు నింపడానికి అనుమతి రాలేదు. యాజమాన్యాన్ని అడిగితే ప్రభుత్వం వైపు, ప్రభుత్వాన్ని అడిగితే యాజమాన్యం వైపు చూపించేవారు. చివరి ఏడాది తొమ్మిది, పది తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి, నల్లబల్లకి మధ్యలో గీత గీసి చెప్పాను. కాబట్టి నేను అడిగేది ఒక్కటే: బడి చెడితే జవాబు చెప్పే మనిషి ఎవరు?

ఈ ఒహాయోలోనే ఒక పెద్ద ఆన్‌లైన్ చార్టర్ 2018 జనవరిలో, చదువు సంవత్సరం మధ్యలో మూతపడింది. దాదాపు 12 వేలమంది పిల్లలు. అంతకుముందే, హాజరు రుజువు చూపలేని పిల్లల పేరు మీద తీసుకున్న డబ్బు వెనక్కి కట్టమని రాష్ట్రం లెక్క తేల్చింది, దాదాపు 8 కోట్ల డాలర్లు. ఆ పిల్లల్లో చాలామందిని మళ్ళీ ఊరి బడులు చేర్చుకున్నాయి.

శ్రూస్‌బరీ_నాన్న:
మాస్టారూ, నమస్కారం. ఆన్‌లైన్ చార్టర్ల విషయంలో మీతోనే ఉన్నాను. స్టాన్‌ఫర్డ్ వాళ్ళ క్రెడో నివేదిక 2023లో చెప్పింది: మొత్తంగా చార్టర్ పిల్లలు మామూలు ప్రభుత్వ బడుల్లోని అలాంటి పిల్లలకంటే ఏడాదికి చదవడంలో 16 రోజులు, లెక్కల్లో 6 రోజుల చదువంత ముందున్నారు. ఆన్‌లైన్ చార్టర్లలో మాత్రం లెక్కల్లో 124 రోజులు వెనక. అందుకే "చార్టర్" అని ఒకే మూటగా కట్టొద్దంటాను. రాష్ట్రం రాష్ట్రానికీ చట్టం వేరు. ఇక్కడ అనుమతిచ్చేదీ, పనితీరు బాగాలేకపోతే రద్దు చేసేదీ రాష్ట్ర విద్యా బోర్డే. జవాబు చెప్పే మనిషి ఇక్కడ ఉన్నాడు.

పాలకొల్లు_అమ్మాయి (వూస్టర్):
శ్రూస్‌బరీ నాన్నగారూ, ఇంటి మాట దగ్గర నాకు జవాబు లేదు. నిజమే. మా తోడికోడలు వెస్ట్‌బరోలో ఇల్లు కొన్నప్పుడు గృహప్రవేశానికి వెళ్ళి సంతోషంగా పాయసం తిన్నాను, ఈ ప్రశ్న అప్పుడు తట్టలేదు.

తమ్ముడూ, నువ్వు చెప్పింది కూడా గుండెకి తగిలింది. కానీ నీతోపాటు ఐదో తరగతి చదివి గురుకులం రానివాళ్ళు మీ ఊరి జెడ్పీ బడిలోనే ఉండిపోయారు కదా. చురుకైన పిల్లలు, పట్టించుకునే తల్లిదండ్రులు వెళ్ళిపోయాక ఆ బడి గురించి కలెక్టరు దగ్గరికి పోయి అడిగేవాళ్ళు ఎవరు మిగిలారు? నేను రోజూ చూసేది అదే.

ఇక డబ్బు. ఒక్కో పిల్లాడి వెంట వాడి డబ్బు చార్టర్‌కి పోతుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మా బడి నుంచి ఏడుగురు వెళ్ళారనుకోండి, రెండో తరగతిలో ఇద్దరు, నాలుగులో ఒకరు, ఐదులో ముగ్గురు, కిండర్‌గార్టెన్‌లో ఒకరు. ఏ టీచర్ని తీసేస్తారు? బస్సు అదే దారిన తిరగాలి, జనవరిలో బాయిలరు అంతే మండాలి. తగ్గించగలిగేది లైబ్రరీ మనిషిని, సంగీతం టీచర్ని. మా దగ్గర లైబ్రరీ వారానికి రెండు రోజులే తెరుస్తారు, ఆ తాళం చెవి నా దగ్గరే ఉంటుంది.

శ్రూస్‌బరీ_నాన్న:
ఆ లోటు పూడ్చడానికే 2019 చట్టం వచ్చింది అక్కా. చార్టర్‌కి పోయే డబ్బు పెరిగినప్పుడు, ఆ పెరిగినంతా మొదటి ఏడాది 100 శాతం, రెండో ఏడాది 60, మూడో ఏడాది 40 రాష్ట్రం ఊరికి తిరిగిస్తుంది. అంతకుముందు చట్టంలో రాసి ఉన్నా చాలా ఏళ్ళు పూర్తిగా ఇవ్వలేదు, అది ఒప్పుకుంటాను.

మీ "సీటు లేదు" అభ్యంతరానికి నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది. 2011లో సౌత్ బోస్టన్‌లో గావిన్ మిడిల్ స్కూల్‌ని డిస్ట్రిక్ట్ లోపలే ఉండే చార్టర్‌గా మార్చారు. అప్పటికే అక్కడ చదువుతున్న పిల్లలకి లాటరీ లేదు, దరఖాస్తుల పోటీ లేదు, కావాలంటే అదే బడిలో కొనసాగొచ్చు. పేరు మార్చారు, దాదాపు సిబ్బందినంతా మార్చారు, బడి గంటలు పెంచారు. అలా ఉండిపోయిన పిల్లల మీద కూడా ఆంగ్రిస్ట్, పాఠక్ వాళ్ళే చూస్తే మార్కులు బాగా పెరిగాయి.

పాలకొల్లు_అమ్మాయి (వూస్టర్):
గావిన్ సంగతి నాకు తెలీదు. రాత్రి కూర్చుని చదివాను. అలాంటిదైతే నేను సరే అంటాను. ఉన్న పిల్లల్ని ఉంచి, ఏ నెలలో వచ్చినా చేర్చుకుని, ఎక్కువ గంటలు చెప్పే బడి కావాలంటే చేతులెత్తి ఓటేస్తాను. మొత్తం పరిమితి ఎత్తేయమంటే మాత్రం ఇప్పటికీ కాదనే అంటాను. మూడేళ్ళ తర్వాత కూడా బాయిలరు మండాలి కదా. మళ్ళీ ఓటుకి వస్తే ఏడాది పొడుగునా ఖాళీ సీటు నింపాలనే నిబంధన చట్టంలో ఉందో లేదో ముందు చూస్తాను.

కొత్త_కాపురం (మార్ల్‌బరో):
మేం హెచ్1బీ మీద ఉన్నాం, ఓటు లేదు. పాపని ఆరో తరగతికి ఇక్కడి చార్టర్ లాటరీలో పెట్టాం. మీరు చెప్పింది చదివాక తప్పు చేశామా అనిపిస్తోంది. మాలాంటివాళ్ళం ఏం చెయ్యగలం?

పాలకొల్లు_అమ్మాయి (వూస్టర్):
తప్పేం లేదమ్మా, మీ పాప కోసం మీరు చూసుకోవాలి. పేరొస్తే హాయిగా పంపండి. ఓటు లేకపోయినా ఊరి స్కూల్ కమిటీ సమావేశానికి వెళ్ళొచ్చు, జనం మాట్లాడే సమయంలో పేరిచ్చి మాట్లాడొచ్చు, పౌరసత్వం ఎవరూ అడగరు. నేను మొదటిసారి మాట్లాడినప్పుడు కాగితం మీద రాసుకెళ్ళి, చేతులు వణుకుతుంటే చదివాను. లైబ్రరీ గురించే. అప్పుడు వారానికి ఒక్కరోజే తెరిచేవారు. మీకు తోడు కావాలంటే చెప్పండి, మార్ల్‌బరో మా ఇంటికి అరగంటే.